ఎస్తేరమ్మ పండుగ

మా మదనపల్లెలో మిషన్ కాంపౌండు పక్క వీధిలో నిలబడి "ఎస్తేరమ్మా!" అని ఒక్క కేక పెట్టి చూడండి. కనీసం ఇద్దరైనా "ఏమమ్మా, ఎవరు కావాల?" అంటూ గుమ్మంలోకి వస్తారు. పుంగనూరులోనూ అంతే. 1863లో జేకబ్ చాంబర్లిన్ అనే అమెరికన్ మిషనరీ డాక్టరు మదనపల్లెలో మకాం పెట్టాడు. ఒకపక్క వైద్యం చేస్తూనే, మరోపక్క తెలుగు బైబిలును సరిదిద్దే సంఘానికి ఏళ్ళ తరబడి అధ్యక్షుడుగా ఉన్నాడు. అలాంటివాళ్ళ ధర్మమా అని ఆ పుస్తకంలోని పేర్లు మన వీధుల్లోకి వచ్చి, చివర ఒక 'అమ్మ'ను తగిలించుకుని, మన పేర్లయి కూర్చున్నాయి.

పేరైతే వచ్చింది గానీ, పేరు వెనకాల ఉన్న పండుగ మాత్రం రాలేదు. బైబిల్లో ఉన్న ఎస్తేరు కథను క్రైస్తవులూ చదువుతారు, యూదులూ చదువుతారు. కానీ ఆ కథ పేరు మీద ఏటా పండుగ చేసుకునేది యూదులే. ఆ పండుగ పేరు పూరీము. పూరీ కాదండోయ్, మూకుడు దించేయండి! 'పూరు' అంటే చీటి. ఒక జాతిని ఏ రోజు చంపాలో తేల్చడానికి ఒకడు చీట్లు వేశాడు. వాడి చీటీయే తిరగబడి వాడిని పట్టుకుంది. అందుకని అది చీట్ల పండుగ. యూదుల పిల్లలకు దాన్ని మించిన సరదా పండుగ మరొకటి లేదంటారు.

నా పుట్టిల్లు పుంగనూరు, మెట్టినిల్లు మదనపల్లె. ఇప్పుడు కుప్పంలో కూతురి దగ్గర ఉంటున్నాను. 2025 మార్చిలో మా మనవడు ఒక కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "అవ్వా, మన హోళీ లాంటి పండుగ ఇంకో దేశంలో ఏదైనా ఉందా? రాసుకుని రమ్మన్నారు" అన్నాడు. వాడికోసమని ఎస్తేరు గ్రంథం తీశాను. పది అధ్యాయాలే. బియ్యంలో రాళ్ళు ఏరే మధ్యాహ్నం చాలు. ఆ తర్వాత, ఆ కథనూ, పండుగను వాళ్ళు పిల్లలకు నేర్పే తీరునూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, నాకు ఒక మెచ్చుకోలు, ఒక అభ్యంతరం, చివరికి ఒక సిగ్గు మిగిలాయి. ఆ మూడూ మీతో చెప్పుకుంటాను.

ముందు కథ. పారశీక చక్రవర్తి అహష్వేరోషు. చరిత్రకారులు చాలామంది ఇతడే క్రీస్తుపూర్వం 486 నుంచి 465 వరకు ఏలిన క్షయార్షుడంటారు. గ్రీకులు అతన్నే జర్క్సీస్ అన్నారు. మన దేశం మొదలుకొని ఆఫ్రికాలోని కూషు దాకా అతనికి 127 సంస్థానాలట. కథ మొదటి వాక్యంలోనే మన దేశం పేరుంది! హీబ్రూ బైబిలు మొత్తంలో ఇండియా పేరు వచ్చేది ఈ ఒక్క పుస్తకంలోనే. అదేమో, చదువుతుంటే మన ఊరి బస్సు పరాయి ఊళ్ళో కనిపించినట్టనిపించింది నాకు.

ఆ రాజు తాగిన మైకంలో, పట్టపురాణి వష్తిని సభలోకి వచ్చి అందం చూపించమన్నాడు. ఆవిడ రానుపొమ్మంది. అంతే, మంత్రులందరికీ గుండెల్లో రాయి పడింది. ఇది చూసి ఊళ్ళో ఆడవాళ్ళంతా మొగుళ్ళకు ఎదురు తిరిగితే? వెంటనే రాణిని తీసేసి, ఏ ఇంట్లో ఆ ఇంటి మగవాడే యజమాని అని దేశదేశాలకూ తాఖీదులు పంపారు. ఇంట్లో మాట చెల్లించుకోవడానికి సర్కారు తాఖీదు కావలసి వచ్చిన మగవాళ్ళను చూసి, ఇన్ని వేల ఏళ్ళ కింద కథ రాసినవాడు ముసిముసిగా నవ్వుకునే ఉంటాడు. నా ఓటు మాత్రం వష్తికే.

ఆ ఖాళీ అయిన చోటికి వచ్చింది ఎస్తేరు. తల్లీ తండ్రీ లేని పిల్ల. వరసకు అన్న అయిన మొర్దెకై పెంచాడు. రాజుగారి ముందుకు వెళ్ళే పిల్లలకు ఏడాదిపాటు సింగారమట. ఆరు నెలలు తైలాలు, ఆరు నెలలు సుగంధద్రవ్యాలు. మన పెళ్ళికూతుళ్ళ నలుగు ఏపాటి! ఆ పిల్ల రాణి అయింది గానీ, తాను యూదురాలినని మాత్రం చెప్పలేదు. చెప్పవద్దన్నాడు అన్న. ఈలోగా హామాను అనే మంత్రికి, మొర్దెకై తనకు వంగి దండం పెట్టలేదని కోపం వచ్చింది. ఒక్కడి మీది కోపం మొత్తం జాతి మీదికి తిరిగింది. చీట్లు వేసి, ఆదారు నెల 13వ తేదీ అని ముహూర్తం పెట్టి, అందరినీ చంపడానికి రాజముద్ర వేయించుకున్నాడు.

ఇక్కడి నుంచి కథ పరుగే. పిలవకుండా రాజు ఎదుటికి వెళ్తే తల తీస్తారు. ఎస్తేరు మూడు రోజులు ఉపవాసముండి, వెళ్ళింది. వెళ్ళి ఏడ్చిందా? కాళ్ళ మీద పడిందా? లేదు. భోజనానికి పిలిచింది! రాజునూ హామానునూ ఇద్దరినీ. ఆ రోజు ఏమీ అడగలేదు. రేపు మళ్ళీ రండి అంది. ఆ రాత్రే రాజుకు నిద్ర పట్టలేదు. పాత దినచర్య పుస్తకాలు చదివించుకున్నాడు. ఒకప్పుడు తన ప్రాణం కాపాడింది మొర్దెకై అని అందులో ఉంది. తెల్లారేసరికి హామాను పరిస్థితి తలకిందులు. మొర్దెకైని గుర్రమెక్కించి తానే ముందు నడుస్తూ ఊరేగించవలసి వచ్చింది. రెండో విందులో ఎస్తేరు నోరు విప్పింది. హామాను మొర్దెకై కోసం వేయించిన ఉరికంబం హామానుకే పనికొచ్చింది.

నా మెచ్చుకోలు ఇదీ. ఈ కథలో ఒక్క మహిమ లేదు. సముద్రం చీలదు, ఆకాశవాణి పలకదు. అసలు దేవుడి పేరే ఒక్కసారీ రాదు. మతగ్రంథంలో ఇదెంత వింత! కథంతా ఒక రాజుకు నిద్ర పట్టకపోవడం మీదా, ఒక ఆడపిల్ల సమయం చూసి మాట్లాడడం మీదా తిరుగుతుంది. ఏ మాట వడ్డనకు ముందు చెప్పాలో, ఏది తాంబూలం దాకా దాచాలో మనకు తెలియదూ? ఆ విద్యే ఒక జాతిని కాపాడిందని రాసిన కథ ఇది. మెగిల్లా అంటే ఎస్తేరు కథ రాసిన తోలుచుట్ట. పండుగనాడు దాన్ని చదవగా వినడం మగవాళ్ళకెంత విధో ఆడవాళ్ళకూ అంతే విధి అని తాల్ముదులో ఉంది. ఎందుకంటే ఆ గండం గడవడంలో వాళ్ళకూ పాలుంది కాబట్టిట. నాకు ఆ కారణం బాగా నచ్చింది.

ఇక పండుగ. అది ఆదారు నెల 14వ తేదీన వస్తుంది. దాదాపు మన కామునిపున్నమి వేళకే. 2025లో రెండూ మార్చి 14నే పడ్డాయి. మహారాష్ట్రలో ఎన్నో తరాలుగా ఉన్న బెనె ఇజ్రాయేలు అనే యూదులు దీన్ని మరాఠీలో 'హోళీచా సణ్' అనే పిలుచుకునేవారు. అంటే హోళీ పండుగ. మనవాడి కాగితానికి అక్కడే జవాబు దొరికింది. తెలుగువాళ్ళలోనూ యూదాచారం పాటించేవాళ్ళున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని పిలుచుకునే కుటుంబాలు, తమ పూర్వీకులు యూదులేనంటూ, 1990ల తొలినాళ్ళలో అక్కడ ప్రార్థనామందిరం పెట్టుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ళను గురించి 2013లో ఒక పుస్తకమే రాశారు.

ఈ పండుగకు విధులు నాలుగే. వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఒకటి, రాత్రి ఒకసారీ మర్నాడు పగలు ఒకసారీ ఎస్తేరు కథ వినాలి. రెండు, కనీసం ఒక స్నేహితుడికి రెండు రకాల తినుబండారాలు పంపాలి. మూడు, కనీసం ఇద్దరు పేదలకు దానమివ్వాలి. నాలుగు, పగలు విందు భోజనం చేయాలి. ఈ నాలుగూ గాలిలోంచి వచ్చినవి కావు. కథ చివర మొర్దెకై రాసి పంపిన ఉత్తరంలోనే విందు, ఒకరికొకరు వంటకాలు పంపుకోవడం, పేదలకు ఇవ్వడం ఉన్నాయి.

విధులు నాలుగైనా, వేడుకలు బోలెడు. వేషాలు కట్టడం, గొడవ చేయడం, పిండివంటలు. మూడు మూలల బిళ్ళలో గసగసాల ముద్ద పెట్టి కాలుస్తారు. హీబ్రూలో వాటిని హామాను చెవులు అంటారు. మన కజ్జికాయకు దూరపు చుట్టమే, కాకపోతే ఇది నూనెలో పడదు. కథ చదివేటప్పుడు హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు తిప్పి, కాళ్ళు నేలకేసి కొట్టి ఆ పేరు వినిపించకుండా చేస్తారు. కొన్నిచోట్ల చెప్పుల అడుగున ఆ పేరు రాసుకుని అరిగేదాకా తొక్కేవారట. పేరు ఎప్పుడొస్తుందా అని ఒళ్ళంతా చెవులు చేసుకుని పిల్లలు కథ మొత్తం వింటారు. పిల్లలను కదలకుండా కూర్చోబెట్టడానికి, కదలమని చెప్పడం కన్నా మంచి ఉపాయం ఉందా? మనమేమో పురాణం దగ్గర "ష్, అల్లరి చేయకు" అంటాం. వాడు నిద్రపోతాడు.

మావాడికి ఇంత వరకూ చెప్పేసరికి, స్టీలు గ్లాసూ గరిటే తెచ్చుకుని హామాను పేరు వచ్చినప్పుడల్లా మోత మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ళు తొంగిచూశారు కూడా. అంతలో గరిటె ఆపి అడిగాడు: "అవ్వా, హామానుకు పిల్లలున్నారా? వాళ్ళేమైనారు?"

నా అభ్యంతరం సరిగ్గా అక్కడే ఉంది. హామానుకు పదిమంది కొడుకులు. పదిమందీ చచ్చారు, వాళ్ళ శవాలను ఉరికంబానికి వేలాడదీశారు. రాజాజ్ఞను రాజైనా రద్దు చేయలేడు గనుక, యూదులు తమను తాము కాపాడుకోవచ్చని రెండో తాఖీదు ఇచ్చారు. దాంతో జరిగిన పోరులో సంస్థానాల్లో 75,000 మంది, షూషను కోటలో రెండు రోజుల్లో 800 మంది చచ్చారని కథే లెక్క చెబుతుంది. షూషనులో ఆ రెండో రోజు కావాలని అడిగింది స్వయంగా ఎస్తేరే. శత్రువుల సొమ్ము ముట్టుకోలేదని మూడుసార్లు చెప్పి రచయిత కాస్త సర్దిచెప్పబోయాడు గానీ, సొమ్ము సంగతి ఎవరడిగారు? ఇది జరిగిన చరిత్ర కాదు, కట్టిన కథ అంటారు పండితులు చాలామంది. కావచ్చు. చదివే పిల్లవాడికి ఆ తేడా తెలియదుగా. చక్కగా అల్లుకొచ్చిన కథ చివరికొచ్చేసరికి, నిన్నటి దాకా చావుకు భయపడిన చేయి తానూ కత్తి ఎత్తి, ఎక్కడ దించాలో మరిచిపోయింది. నా దృష్టిలో ఈ కథకు పెద్ద లోపం ఇదే.

పిల్లలకు చెప్పేవాళ్ళు మామూలుగా హామాను ఉరి దగ్గర పుస్తకం మూసేస్తారు. నేనూ అదే చేశాను. "అదంతా నీకెందుకు, కజ్జికాయ తిను" అన్నాను. వాడు తిన్నాడు గానీ, నాకే గొంతు దిగలేదు. పరాయివాళ్ళ కథను తప్పుపట్టడం తేలికే. మన నరకాసురుడికీ కొడుకున్నాడు, భగదత్తుడు. దీపావళినాడు ఏ పిల్లవాడికైనా ఆ సంగతి చెప్పామా?

రాత్రి పడుకున్నాక మా గంగమ్మ గుర్తొచ్చింది. మా సీమలో గంగ జాతరంటే అందరికీ ప్రాణం. పుంగనూరులో జమీందారుల ఇలవేలుపు సుగుటూరు గంగమ్మ. కుప్పంలో మే నెల వస్తే ప్రసన్న తిరుపతి గంగమ్మ విశ్వరూపం చూడడానికి జనం విరగబడతారు. 2022లో జిల్లాలు విడగొట్టే దాకా మాతో పాటు ఒకే చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుపతిలోనైతే జాతరంటేనే వేషాలు. ఆడపిల్లల మానానికి ముప్పుగా తయారైన పాలెగాడిని గంగమ్మ వెంటాడుతుంది. వాడు దాక్కుంటాడు. ఆవిడ రోజుకొక వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి. చివరికి దొర వేషంలో వస్తే, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు, చస్తాడు. ఊరి మగవాళ్ళూ పిల్లలూ ఇప్పటికీ ఆ వేషాలు కడతారు. బండ వేషం వాళ్ళు తిట్లు తిట్టినా ఎవరూ తప్పుపట్టరు. చూశారా, దాగిన ఆడపిల్ల, దుర్మార్గుడు, వేషాలు, గోల. ఎస్తేరు కథతో ఎంత పోలిక!

కానీ మా కథ అక్కడ ఆగదు. దొర వేషం తర్వాత మాతంగి వేషం ఉంది. పాలెగాడి పెళ్ళాం ఏడుస్తుంటే, ఓదార్చడానికి గంగమ్మే మాతంగిగా వెళ్ళిందని తిరుపతిలో చెప్పుకుంటారు. చంపక తప్పలేదు, చంపింది. కానీ వాడి ఇంట్లో ఏడుపు ఉందని మరిచిపోలేదు. చదువుకున్నవాళ్ళం మోటు జాతర అని ముక్కు చిట్లించుకుంటామే, ఆ జాతరే ఈ విషయంలో ఎంత నాజూకుగా ఉందో చూడండి.

యూదుల పెద్దలకూ ఈ బెంగ ఉన్నట్టే ఉంది. అదే తాల్ముదులో మరోచోట ఒక చిన్న మాట ఉంది. హామాను వంశంవాళ్ళు కొందరు తర్వాత కాలంలో బెనె బెరాకు అనే ఊళ్ళో యూదుల ధర్మశాస్త్రమే చదువుకున్నారని. పొద్దున్నే మనవడికి రెండూ చెప్పాను. కొడుకులు పోరాటంలో పోయారనీ, ఆ వంశంలో పిల్లలు తర్వాత యూదుల బడిలోనే చదువుకున్నారనీ, మన గంగమ్మ అయితే పాలెగాడి పెళ్ళాన్ని ఓదార్చి వచ్చిందనీ. వాడు కాసేపు ఆలోచించి, "అయితే గరిటె హామానుకే కొట్టాల. పిల్లల పేర్లకు కొట్టకూడదు" అన్నాడు. ఇంతకన్నా మంచి విమర్శ నాకు చేతకాదు.

చివరిది, సిగ్గు. నాలుగు విధుల్లో ఏది గొప్పదన్న ప్రశ్నకు, 12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యుడుగా ఉండిన మైమోనిడీస్ అనే మహాపండితుడు జవాబు రాసి పెట్టాడు. విందు మీదా, స్నేహితుల పళ్ళాల మీదా పెట్టే ఖర్చు తగ్గించి, పేదలకిచ్చేదే పెంచమంటాడు. ఆ రోజు చేయి చాపినవాడు అర్హుడా కాదా అని ఆరా తీయవద్దంటాడు. "దుక్కలా ఉన్నావు, పని చేసుకోరాదూ?" అన్న మన మంగళవాచకం ఆ ఒక్కరోజైనా పనికిరాదన్నమాట. ఇచ్చేది కూడా పండుగనాడే ఇవ్వాలి. ఆ సొమ్ముతో వాళ్ళూ ఆ రోజే విందు చేసుకోవాలి. ఇంకొకటి. దానం మీద బతికే పేదవాడు సైతం ఆ రోజు మరొకరికి ఇవ్వాలిట. ఇచ్చే సంతోషం ఉన్నవాళ్ళ సొత్తు మాత్రమే కాకూడదని కాబోలు.

ఇవన్నీ వాడికి వేళ్ళ మీద అప్పజెప్పించాను. మూడో వేలు ముడుస్తూ ఆగాడు. "అవ్వా, సంక్రాంతికి మనం అరిసెలు పక్కింటికి ఆ రోజే ఇచ్చినాం కదా. అంట్లు తోమే అక్కకు ఎప్పుడిచ్చినాం?"

కనుమ వెళ్ళిన మర్నాడు. గట్టిపడినవి, అంచులు విరిగినవి ఏరి, పాత స్టీలు డబ్బాలో వేసి ఇచ్చాను. "పాపం, పిల్లలు తింటారు" అని కూడా అన్నాను. పక్కింటికి పంపిన పళ్ళెం మీద మాత్రం క్రోషియా గుడ్డ కప్పాను. ఆ పళ్ళెం తిరిగి వచ్చినప్పుడు అందులో ఏముందో కూడా చూశాను. మీరలా చేయరు లెండి. నేను నా సంగతే చెబుతున్నాను.

మనం పిల్లలకు పండుగ నేర్పడం లేదని కాదు. తలంటు, కొత్త బట్టలు, పిండివంట, పూజ, అన్నీ నేర్పుతున్నాం. ఏ పండుగకు ఏ వంటో అడిగితే మావాడు తడుముకోకుండా చెబుతాడు. ఏ పండుగకు ఎవరికి ఏమివ్వాలో అడిగితే చెప్పలేడు. హరిదాసు పాత్రలో బియ్యం పోయడం, జాతరలో వచ్చినవాళ్ళందరికీ అంబలి పోయడం, ఇవన్నీ మనకూ ఉన్నవే. కాకపోతే మనం వాటిని ఆచారం అని వదిలేశాం. వాళ్ళు విధి అని పిల్లవాడి వేలికి కట్టారు. వేలికి కట్టినది వాడు లెక్క అడుగుతాడు. ఎస్తేరు గ్రంథాన్ని కథగా తూచితే చివర తూకం తగ్గుతుంది. కానీ ఆ చివరలో నుంచి కత్తిని కాక పళ్ళేన్ని తీసి పిల్లల చేతిలో పెట్టిన పండుగ, ఆ కథకన్నా పెద్దది.

ఆ నెలాఖరున, మార్చి 30న ఉగాది వచ్చింది. ఓళిగలు చేశాను. పెనం మీది నుంచి దిగిన మొదటి వాయి, నేతి చుక్కతో సహా, గిన్నెలో పెట్టి, మనవడి చేత పొద్దున్నే ఆమెకు ఇప్పించాను. గుడ్డ కూడా కప్పాను. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

మర్నాడు పనికి వచ్చేటప్పుడు కొంగులో మూట కట్టుకుని చింతచిగురు తెచ్చింది. వాళ్ళ వీధి చెట్టుదట, లేతది. "పిల్లోడికి పప్పులో వేసిపెట్టమ్మా" అంది. నాకు నోటి చివరి దాకా వచ్చింది, ఎప్పుడూ అనే మాటే. "నీకెందుకమ్మా శ్రమ, మీ ఇంట్లో వండుకోరాదూ" అని. అంతలో వెనక నుంచి చీర లాగాడు మావాడు.

"వద్దనకు అవ్వా. అదీ రూలే."